సముద్రం సా, సందమామ సా

కూర్మయ్య తాగి నిచ్చెన ఎక్కాడని మా స్టేషన్లో అందరూ చెప్పుకుంటారు. నిచ్చెన పైమెట్టుకి కల్లు ముంత వేలాడగట్టుకున్నాడట. ఒక అక్షరం రాయడం, ఒక గుక్క తాగడం. ఆఖరికి ఏ అక్షరం రాస్తున్నాడో తనకే తెలియలేదట. ప్యాసింజరు మా దగ్గర ఆగే రెండు నిమిషాల్లో ఈ కథ ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి వెళ్తుంది. బొబ్బిలి వచ్చేసరికి ముంత కుండవుతుంది. పార్వతీపురం చేరేసరికి కూర్మయ్య నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు.

ఆయన కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయి. ముంత ఉన్నమాట మాత్రం నిజం. అందులో ఏముండేదో నాకు తెలుసు. తెలిసి కూడా ఏడాది పాటు నలుగురిలో నోరు మెదపలేదు.

మాది గెడ్డవలస స్టేషను. విజయనగరం దాటి బొబ్బిలి వెళ్ళే దారిలో ఉంటుంది. మా నాన్న జగన్నాధం అక్కడ పట్టాలు మార్చే, సిగ్నలు దీపాలు తుడిచే పాయింట్స్‌మన్. మా క్వార్టరు ప్లాట్‌ఫారం చివర, కంచెకి ఇవతల. ఏడో తరగతి అయ్యాక అమ్మ మంచం పట్టింది. బొబ్బిలి హైస్కూలుకి రైల్లో వెళ్ళాల్సిన నేను వంటింట్లో ఉండిపోయాను. అప్పట్నుంచీ నాకు స్టేషనే బడి. కంచె వెనక నిలబడి ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో చూసేదాన్ని. నన్ను ఎవరూ చూడకపోతే నాకు హాయిగా ఉండేది.

స్టేషను పాతది. నడిమి తోరణం మీద 1909 అని రాతిలో చెక్కి ఉంటుంది. గోడలు మూరెడు మందం. కొండరాయి, మధ్యలో సున్నం. ఎండాకాలంలో ఆ గోడకి వీపు ఆనిస్తే నీళ్ళ కుండకి ఆనించినట్టుంటుంది. పడమటి వైపు మూడు తోరణాలున్న పెద్ద గది ఒకటుంది. మొదట్లో అది సరుకుల గది. బెల్లం దిమ్మలు, నువ్వుల బస్తాలు పెట్టేవారట. అరవై ఎనిమిదిలో దాన్ని మూడో తరగతి ప్రయాణికుల కోసం వెయిటింగు హాలుగా మార్చారు. తోరణాల పక్కనుంచి లోపలికి సాగే పొడుగాటి గోడ బోసిగా ఉందని, దాని మీద ఈ ప్రాంతపు బొమ్మ ఒకటి వేయించమని పైనుంచి ఉత్తరం వచ్చింది. స్టేషన్ మాస్టరు గణపతిరావుగారు వాకబు చేసి కూర్మయ్యని పిలిపించారు.

అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడి ఉంటాయి. సన్నగా, నల్లగా ఉండేవాడు. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు. సున్నం బట్టీల దగ్గర పుట్టాడు. గోడలకి సున్నం కొట్టడంతో మొదలుపెట్టి, బళ్ళ చక్రాలకి పువ్వులు, సముద్రం ఒడ్డున పడవలకి పేర్లు, బొబ్బిలిలో కొట్లకి బోర్డులు రాస్తూ పెద్దవాడయ్యాడు. చదువు లేదు. అక్షరాల ఆకారాలు మాత్రం అన్నీ చేతికి వచ్చు. ఒక్కో అక్షరానికీ ఒక్కో గుర్తు పెట్టుకున్నాడు. మా వైపు నోట్లో మాట మొదట 'చ' పలకదు. అంతా 'స' అంటారు. అందుకని ఆయనకి 'స'లు రెండు. ఒకటి సముద్రం సా. రెండోది సందమామ సా. అంటే చందమామలో 'చ'. ఏదైనా పేరు రాయాల్సి వస్తే "ఏ సా బాబూ? సముద్రం సానా, సందమామ సానా?" అని అడిగేవాడు. ఈ ఒక్క ప్రశ్నతోనే ముప్ఫయ్యేళ్ళుగా తప్పు లేకుండా బోర్డులు రాశానని నవ్వుతూ చెప్పేవాడు.

"నా పేర్లో ఏ సా నేదమ్మా, బతికిపోయాను" అనేవాడు.

మూడు నెలలు వేశాడు ఆ బొమ్మ. నేను రోజూ నీళ్ళు మోస్తూ తోరణంలోంచి చూసేదాన్ని. ఎడమ చివర సముద్రం, పడవలు. కుడి చివర బొబ్బిలి వీణ, దాని పక్కన వరి మళ్ళు. అందరూ నడిమధ్య రైలింజను వస్తుందనుకున్నారు. రాలేదు. మధ్యలో మా స్టేషనే వచ్చింది, సగం కట్టి ఉన్నది. తోరణానికి ఇంకా రాళ్ళు పెట్టలేదు. కింద ఆసరాగా కర్రలు నిలబెట్టి ఉన్నాయి. నిచ్చెన మీద ఒక ఆడమనిషి తలమీద సున్నం గంప పెట్టుకుని ఎక్కుతోంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. మెడ నరాలు కనిపిస్తున్నాయి.

ఒకరోజు నేను అక్కడే ఆగిపోతే ఆయన చూశాడు.

"మాయమ్మ. దాలమ్మ దాని పేరు" అన్నాడు. "ఈ గోడకి సున్నం మోసింది. నాను అప్పుడు కడుపులో ఉన్నానంట. తోరణం మీద సంవచ్చరం సెక్కినారు గానీ మోసినోళ్ళ పేరు ఎవులు రాస్తారు? నా పేరైనా రాసుకుంతాను. అదిగో, ఆ మూల."

బొమ్మకి కింద కుడి మూల రెండు అరచేతులంత చోటు ఖాళీగా వదిలాడు. బొమ్మ పూర్తయి పెద్ద ఆఫీసరు చూశాక అక్కడ పేరు రాసుకోమని గణపతిరావుగారు ఒప్పుకున్నారు. ఆ తరవాత వరసగా నాలుగు స్టేషన్ల పని కూడా ఆయనకే అన్నారు. కానీ కూర్మయ్య ఆ నాలుగు స్టేషన్ల గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. రోజూ ఆ మూల దుమ్ము మాత్రం గుడ్డతో తుడిచేవాడు.

నిచ్చెనకి వేలాడే ముంతలో తుమ్మబంక నీళ్ళుండేవి. పొడి రంగు గోడకి పట్టాలంటే బంక కావాలి. పొద్దున్నే మా క్వార్టరుకి వచ్చి వేడినీళ్ళు అడిగేవాడు. ఆ ముంతలో నీళ్ళు పోసేది నేనే.

చివరిగా బొమ్మ పైన రాయడానికి ఒక వాక్యం వచ్చింది. ఎవరో పెద్దాయన కాగితం మీద గొలుసుకట్టు రాతలో రాసి పంపారు. కూర్మయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అచ్చు అచ్చరాలైతే సూసి దించెయ్యగలను. ఈ గొలుసుకట్టు నాకు అంతు సిక్కదు" అన్నాడు.

"మా అమ్మడు సదూతాది" అన్నాడు నాన్న. ఆ మాట అన్నప్పుడు నాన్న మొహం వెలిగింది. నన్ను చేయి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళి, తను సిగ్నలు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆరోజు పొద్దున్న ప్యాసింజరు గంట ఆలస్యం. హాలు నిండా జనం. తట్టలు, పిల్లలు, కోళ్ళు. వేపిన వేరుశనగలు అమ్మే బుల్లమ్మ తోరణం కింద కూచుని ఉంది. కూర్మయ్య నిచ్చెన మీద ఉన్నాడు. నీలిమందు అద్దిన దారం లాగి గోడమీద గీత కొట్టాడు. చేతిలో మేకు. ముందు మేకుతో అక్షరం అంచు గీకి, తరవాత రంగు నింపడం ఆయన పద్ధతి.

కాగితంలో ఉన్నది ఇది: చల్లగా చేరండి, సుఖంగా సాగండి.

నేను చదివాను. నా గొంతు నాకే వినపడలేదు.

"మొదటిది ఏ సా అమ్మడూ?" అన్నాడు పైనుంచి.

బడిలో నాకు 'చ' పలకడం రావడానికి రెండేళ్ళు పట్టింది. మాస్టారు నన్ను బెంచీ మీద నిలబెట్టి "చ అను, చ" అనేవారు. వచ్చాక ఇంట్లో అనడానికి సిగ్గేసేది. కానీ ఆరోజు కాగితం చేతిలో ఉంది, బడిలో ఉన్నట్టే అనిపించింది.

"చందమామ చ" అన్నాను.

బుల్లమ్మ విన్నది.

"ఓలమ్మోలమ్మ! సూడండే పంతులమ్మని! ఏటేటి, మళ్ళీ అను. మూతి సుట్టి 'చ' అంతాది! మీ నాయిన దీపాలు తుడుసుకుంతాడు, నువ్వు దొరసాని మాటలు నేర్సినావా?"

హాలంతా నవ్వింది. ఒక చంటిపిల్ల కూడా తల్లిని చూసి నవ్వింది. మూలన పాగా చుట్టుకున్న ఒకాయన "చ, చ, చ" అని పిట్టల్ని పిలిచినట్టు అన్నాడు. దాంతో ఇంకా నవ్వారు. నేను తల దించేశాను. కాగితం అంచు తప్ప ఇంకేమీ కనపడలేదు.

కొంచెం సేపటికి పైనుంచి మళ్ళీ అడిగాడు.

"అమ్మడూ, ఇంకోపాలి సెప్పు. సందమామ సానా, సముద్రం సానా? ఇందల నాలుగు సాలు ఇనబడతన్నాయి. ఏది ఏదో సెప్పు తల్లీ."

అందరూ నా నోటివైపే చూస్తున్నారు. మళ్ళీ 'చ' వస్తుందేమోనని బుల్లమ్మ అరచేతిలో గింజలు ఆపుకుని కాచుకుని ఉంది.

"అన్నీ ఒకటే" అన్నాను. ఈసారి గట్టిగా అన్నాను. "అన్నీ సముద్రం సాయే."

ఎవరూ నవ్వలేదు. బుల్లమ్మ గింజలు నోట్లో వేసుకుంది. నేను కాగితం నిచ్చెన మెట్టు మీద పెట్టి ఇంటికి పరిగెత్తాను. తరవాత చెప్పొచ్చు అనుకున్నాను. మధ్యాహ్నం వెళ్ళి మెల్లగా చెబుదామనుకున్నాను. మధ్యాహ్నం హాలులో ఇంకా జనం ఉన్నారు. సాయంత్రానికి ఆయన రంగు నింపేశాడు. నల్లటి అక్షరాలు, గుండ్రంగా, ఎక్కడా చెయ్యి వణకనివి. రంగు ఆరాక ఇంకేం చెబుతాం అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది.

మూడోరోజు పెద్ద ఆఫీసరు వచ్చాడు. మామిడాకులు కట్టారు. నాన్న ఉతికిన నీలం చొక్కా వేసుకున్నాడు. కూర్మయ్య భుజం మీద కొత్త తువ్వాలు, చేతిలో చిన్న కుంచె. ఆఫీసరు బొమ్మని చాలాసేపు చూశాడు. బాగుందని తల ఊపాడు. తరవాత తల ఎత్తి పైనున్నది పైకే చదివాడు.

"సల్లగా సేరండి..." ఆగాడు. గణపతిరావుగారి వైపు తిరిగాడు. "ఏమండీ, మీ స్టేషన్లో గోడలకి కూడా ఈ యాసే వచ్చిందా?"

ఆయనతో వచ్చినవాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వడం చూసి ప్లాట్‌ఫారం మీదున్న మావాళ్ళూ నవ్వారు. రోజూ ఆ మాటే మాట్లాడేవాళ్ళు. గోడమీద ఏముందో చదవడం రానివాళ్ళు. నాన్న కూడా నవ్వాడు. నేను తోరణం పక్కన నాన్న వెనక నిలబడి ఉన్నాను.

గణపతిరావుగారి మొహం ఎర్రబడింది. "ఎవరు చదివి చెప్పారయ్యా నీకు?"

కూర్మయ్య ఒక్కసారి మావైపు చూశాడు. నన్నే చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"నానే బాబూ" అన్నాడు.

"నీకు చదువెక్కడ వచ్చు? తాగి ఎక్కావా నిచ్చెన? ఆ ముంత ఏమిటి?"

కూర్మయ్య చేతిలో కుంచెని తువ్వాలులో చుట్టాడు. ముంతలో ఏముందో చెప్పినా చెప్పొచ్చు. అది చెబితే, తాగకపోతే మరెవరు చదివారని ఇంకో ప్రశ్న వస్తుంది. ఆయన ఆగింది అందుకేనని నాకు అక్కడ నిలబడి ఉండగానే అర్థమైంది. నన్ను హాల్లోకి తెచ్చిన సంగతి నాన్నకి ఎందుకు గుర్తు రాలేదంటే, నాన్న లెక్కలో నా చదువులో తప్పుండదు. తప్పు ఉందంటే అది నాది కాకూడదు.

ఆరోజే పై వాక్యానికి సున్నం కొట్టించారు. పేరు రాసుకునే మాట మళ్ళీ ఎత్తలేదు. నాలుగు స్టేషన్ల పని ఇంకొకరికి వెళ్ళింది. కూర్మయ్య నిచ్చెన భుజాన వేసుకుని పట్టాల పక్కనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ముంత మా గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. కడిగి, బోర్లించి.

మూడు నెలలకి నేను ఒక చీటీ రాశాను. 'ఆ అక్షరాలు తప్పు చెప్పింది నేను. కూర్మయ్య తాగలేదు.' టిక్కెట్ల కిటికీలోంచి గణపతిరావుగారికి ఇచ్చాను. ఆయన చదివి కళ్ళద్దాలు తీశారు.

"మీ నాన్నకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"సున్నం కొట్టేశాం కదమ్మా. ఇప్పుడు తవ్వితే ఏమొస్తుంది?" అని చీటీ నాకే తిరిగి ఇచ్చారు. నేను తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సింది. తీసుకుని మడిచి, బియ్యం డబ్బా కింద పెట్టాను.

ఈ ఏడు ఎండాకాలం నాన్న పాసు మీద ఆమదాలవలసలో పిన్ని దగ్గరికి వెళ్ళాను. స్టేషను బయట ధాన్యం బళ్ళు ఆగేచోట ఒక ముసలాయన బండి చక్రానికి రంగు వేస్తున్నాడు. చక్రం ఆకులకి పసుపు, నడిమి కుండకి ఎరుపు. గోళ్ళు చూసి కూర్మయ్యని గుర్తుపట్టాను.

"ఏటమ్మా అమ్మడూ! మీ నాయిన బాగున్నాడా?" అన్నాడు, నిన్న కనపడినట్టు.

"తాతా, ఆరోజు నా పేరెందుకు సెప్పనేదు?"

కుంచె పక్కన పెట్టాడు.

"సెప్తే ఆ పెద్ద దొర నిన్ను ముందరికి పిలిసి, నలుగురిలో 'చ అను, చ అను' అని అనిపించీవోడు. బుల్లమ్మ నవ్వుకే నువ్వు సగమైపోనావు. నాను పైనుంచి సూడనేదేటి?"

"మొదట నాను సెప్పింది నీకు ఇనబడ్డాదా?"

"ఇనబడ్డాది."

"మరి?"

"మొదటిది గొంతుకలోనే అన్నావు. రెండోది గట్టిగా అన్నావు. గట్టిగా అన్నదే కరట్టనుకున్నాను. సదూకున్న గుంటవి కదా." ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "ఇప్పుడు అచ్చరాలు మానేసినాను. సక్రానికి ఏ సా అక్కర్నేదు."

కొంచెం ఆగి అడిగాడు. "మాయమ్మ ఉన్నాదా గోడమీద?"

"ఉన్నాది."

"అది సాలు" అన్నాడు. కానీ మూల ఖాళీగానే ఉందా అని అడగలేదు. 

తిరిగి వచ్చిన సాయంత్రం నేను రైలు దిగేసరికి బుల్లమ్మ కిటికీ దగ్గర ఎవరికో పొట్లం అందిస్తూ ఆ కథే చెబుతోంది. "...ముంత నిచ్చెనకి ఏలాడగట్టుకోని..."

"ముంతలో ఉన్నది తుమ్మబంక" అన్నాను.

బుల్లమ్మ తిరిగి చూసింది. "నీకేటి తెలుసే?"

"నీళ్ళు పోసింది నేను. అక్షరాలు తప్పు చెప్పింది కూడా నేనే. నువ్వు నవ్వావని మార్చి చెప్పాను." 'చ' నోట్లోంచి అలాగే వచ్చింది. ఆపుకోలేదు.

రైలు కదిలింది. కిటికీలో పొట్లం అందుకున్నాయనకి సగం కథే అందింది. ఏ సగం అందిందో, ఆయన బొబ్బిలిలో ఏం చెబుతాడో తెలియదు. బుల్లమ్మ నవ్వలేదు. తట్ట తలకెత్తుకోబోయి మళ్ళీ దించింది.

"నాను నవ్వితే మాత్తరం," అంది మెల్లగా, "అచ్చరం మార్సీడమేటే గుంటా?"

ఆమె దించిన తట్ట నేనే ఎత్తుకున్నాను. 

ఇద్దరం హాల్లోకి వెళ్ళాం. పొద్దు వాలుతోంది. ఆ వేళకి పడమటి తోరణాల్లోంచి ఎండ గోడమీద ఏటవాలుగా, గోడని రాసుకుంటూ పడుతుంది. చిన్న గరుకు ఉన్నా దాని నీడ కనిపిస్తుంది. దాలమ్మ గంప మీదుగా ఎండ పైకి పాకి, సున్నం కొట్టిన చోటికి చేరింది. సున్నం కింద మేకు గీతలు వరసగా తేలాయి. సేరండిలో, సుఖంలో, సాగండిలో 'స'కి ఒక్కొక్క గీతే ఉంది. మొదటి అక్షరం దగ్గర మాత్రం ఒకదాని మీద ఒకటి రెండు గీతలున్నాయి.

"ఏటుంది అక్కడ?" అంది బుల్లమ్మ. ఆమెకి చదవడం రాదు.

అడుగున ఉన్నది చ. కూర్మయ్య ఆ గోడమీద మొదట గీసింది సరైన అక్షరమే.